ట్యాబ్‌లో వీడియో ఆడుతోంది.. సౌండ్ మాత్రం రావట్లేదా? షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి

బొమ్మ కదులుతోంది. పాఠం చెప్పే మేడమ్ పెదాలు ఆడుతున్నాయి. సౌండ్ మాత్రం సున్నా. వాల్యూమ్ బటన్ ఎంత నొక్కినా గీత పైకి పోతుందే తప్ప చప్పుడు లేదు. ఇంట్లో ట్యాబ్ ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బందే ఇది. వెంటనే ‘స్పీకర్ పోయింది’ అనేసుకుంటాం. నిజానికి చాలాసార్లు స్పీకర్ బాగానే ఉంటుంది, గొడవంతా సెట్టింగ్‌లోనో, హెడ్‌ఫోన్ రంధ్రంలోనో ఉంటుంది.

మన ఏరియాలో ఈ విషయానికి ఇంకో కోణం ఉంది. 2022 డిసెంబర్ 21న అప్పటి ముఖ్యమంత్రి జగన్ ప్రభుత్వ స్కూళ్లలో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది బాపట్ల జిల్లా చుండూరు మండలం యడ్లపల్లిలోనే. పొన్నూరుకు అది దగ్గరే. తెనాలి నుంచి రైల్లో వస్తుంటే నిడుబ్రోలు కంటే ముందే చుండూరు స్టేషన్ తగులుతుంది. ఆ విడతలో రాష్ట్రం మొత్తం మీద 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. ఏడాది తర్వాత 2023 డిసెంబర్ 21న అల్లూరి జిల్లా చింతపల్లి నుంచి రెండో విడత మొదలైంది, అప్పుడు ఇంకో 4 లక్షలకు పైగా. మొదటి విడతవి శాంసంగ్ తయారీ, 8.7 అంగుళాల స్క్రీన్ ఉన్నవి. పాఠాలు మెమరీ కార్డులో వేసి ఇచ్చారు. నెట్ లేకపోయినా పాఠం చూడొచ్చు, కానీ సౌండ్ లేకపోతే వీడియో పాఠం మూగ బొమ్మే కదా.

అందుకే ఎక్కువగా ఆ రకం ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాం. వేరే కంపెనీ ట్యాబ్ అయినా వరస ఇంతే, మెనూ పేర్లు కాస్త అటూఇటూ ఉంటాయి.

ముందు అలారం పెట్టి చూడండి

ఒక్కసారి ట్యాబ్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత క్లాక్ యాప్‌లోకి వెళ్లి, రెండు నిమిషాల తర్వాత మోగేలా అలారం పెట్టండి. అలారం వాల్యూమ్ ఫుల్‌గా ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఇదేం పరీక్ష అనుకోకండి, సగం సంగతి ఇక్కడే తేలిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో సౌండ్ అంతా ఒకే గొట్టంలోంచి రాదు. వీడియోలకు ఒక వాల్యూమ్, నోటిఫికేషన్లకు ఒకటి, అలారానికి ఇంకొకటి. పైగా చాలా ఆండ్రాయిడ్ పరికరాల్లో ఇయర్‌ఫోన్ పెట్టి ఉన్నా అలారం మాత్రం స్పీకర్‌లోంచి కూడా మోగుతుంది, నిద్రలేపాల్సిన పని కదా దానిది. కాబట్టి అలారం మోగిందంటే స్పీకర్ బతికే ఉన్నట్టు. ఇక రిపేర్ షాపు మాట మర్చిపోయి సెట్టింగ్‌లు వెతకండి. అలారం కూడా మోగకపోతే మాత్రం కిందికి, ‘దుమ్ము’ దగ్గరికి వెళ్లండి. అయితే వెళ్లే ముందు ‘మ్యూట్ ఆల్ సౌండ్స్’ ఒక్కటి చూసుకుని వెళ్లండి.

సెట్టింగ్‌లలో దొంగలు

సెట్టింగ్స్‌లో సౌండ్స్, అందులో వాల్యూమ్ తెరవండి. మీడియా అని ఉన్న గీత కింద వరకు పడిపోయిందేమో చూడండి. చిన్న పిల్లల చేతిలో ట్యాబ్ ఉన్న ఇళ్లలో ఇది రోజూ జరిగేదే.

తర్వాత బ్లూటూత్. మొన్నెప్పుడో అన్నయ్య ఇయర్‌బడ్స్‌కి కనెక్ట్ చేశాడనుకోండి. అవి పక్క గదిలో ఛార్జింగ్ డబ్బా బయట పడి ఉన్నా ట్యాబ్ వాటికే సౌండ్ పంపుతూ కూర్చుంటుంది. మీరు ఇక్కడ స్పీకర్‌ని తిడుతుంటారు, పాఠం అక్కడ ఖాళీ మంచానికి వినిపిస్తుంటుంది. పైనుంచి కిందికి లాగి బ్లూటూత్ ఆఫ్ చేసి చూడండి. శాంసంగ్‌లో ‘సెపరేట్ యాప్ సౌండ్’ అని ఇంకోటి ఉంది. ఒక్క యాప్ సౌండ్‌ని మాత్రం బ్లూటూత్‌కి మళ్లించడానికి పెట్టారు. అది ఆన్‌లో ఉంటే యూట్యూబ్ మూగబోయి మిగతావన్నీ మామూలుగా మోగే వింత కనిపిస్తుంది.

పెద్దగా ఎవరూ చూడని చోటు ఇంకోటి ఉంది. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ, అందులో హియరింగ్ ఎన్‌హాన్స్‌మెంట్స్. ఇక్కడ ‘మ్యూట్ ఆల్ సౌండ్స్’ ఆన్‌లో ఉంటే మీరేం చేసినా చప్పుడు రాదు. దాని దగ్గర్లోనే ఎడమ, కుడి బ్యాలెన్స్ గీత ఉంటుంది. అది మధ్యలో ఉండాలి. ట్యాబ్‌లో రెండు స్పీకర్లుంటాయి కాబట్టి గీత ఒక చివరికి జరిగిపోయి, ఆ వైపు స్పీకరే చెడిపోతే మొత్తం పోయినట్టే అనిపిస్తుంది.

ఒక్క యాప్‌లోనే సౌండ్ రావట్లేదా? అయితే తప్పు ఆ యాప్‌ది. వీడియో మూలన మ్యూట్ గుర్తు ఉందేమో చూడండి, యాప్ అప్‌డేట్ చేయండి, కుదరకపోతే తీసేసి మళ్లీ వేయండి.

సౌండ్ పెంచుతామని చెప్పే ‘వాల్యూమ్ బూస్టర్’ యాప్‌లు ఉంటే తీసేయండి. వాటి వల్ల రెండు రకాల నష్టం. ఒకటి, సిస్టమ్ సౌండ్‌తో గొడవపడి అసలుకే ఎసరు పెడతాయి. రెండోది తర్వాత చెబుతాం. ఏ యాప్ వల్ల సమస్యో తెలియకపోతే సేఫ్ మోడ్ పెట్టండి. పవర్ మెనూలో పవర్ ఆఫ్ గుర్తును అలాగే నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అని వస్తుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లు పనిచేయవు. అక్కడ సౌండ్ వచ్చిందంటే దొంగ ఏదో ఒక యాప్‌లోనే ఉన్నాడు. మళ్లీ రీస్టార్ట్ చేస్తే మామూలు మోడ్‌లోకి వచ్చేస్తుంది.

ఇయర్‌ఫోన్ పెట్టకుండానే ఇయర్‌ఫోన్ గుర్తు?

పైన నోటిఫికేషన్ గీతలో హెడ్‌ఫోన్ బొమ్మ కనిపిస్తోందా? ఇయర్‌ఫోన్ లేకపోయినా ఉందని ట్యాబ్ పొరబడుతోంది. 3.5 ఎంఎం జాక్ రంధ్రంలో పిన్ దూరిందో లేదో చెప్పడానికి చిన్న లోహపు రేకులుంటాయి. వాటి మధ్య దుమ్మో, బ్యాగులోని నూగో చేరితే, లేదా తేమకు తుప్పు పడితే అవి ఎప్పుడూ కలిసే ఉన్నట్టు లెక్క. ట్యాబ్ సౌండ్‌ని లేని ఇయర్‌ఫోన్‌కి పంపేస్తుంది.

టార్చ్ వేసి రంధ్రంలోకి చూడండి. మంచి ఇయర్‌ఫోన్ తీసుకుని ఐదారుసార్లు మెల్లగా పెట్టి తీయండి. రేకులు సర్దుకుని గుర్తు పోవచ్చు. అది చాలకపోతే ట్యాబ్ ఆఫ్ చేసి, పొడి మెత్తటి సన్న బ్రష్‌తో దులపండి. పిన్నీసు, సూది, అగ్గిపుల్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ రేకులు వంగితే అప్పుడు నిజంగానే షాపు ఖర్చు.

దుమ్ము, తడి.. మన ఊళ్లలో అసలు శత్రువులు

పొన్నూరు చుట్టూ వరి, మినుము. కాస్త పడమరకు పోతే పత్తి, మిర్చి. ఇటు చూస్తే బాపట్ల సముద్రం గాలి. నూర్పిళ్ల దుమ్ము, పత్తి నూగు, మిరపకాయలు తొక్కించిన ధూళి, పైన ఉప్పు తేమ. స్పీకర్ జాలీకి ఇంతకంటే ఏం కావాలి? ట్యాబ్ స్పీకర్ జాలీలో రంధ్రాలు చాలా సన్నగా ఉంటాయి. తేమకు దుమ్ము అంటుకుని పొరలా గట్టిపడితే సౌండ్ ముందు మందంగా, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. తర్వాత అసలే వినిపించదు. రోజురోజుకీ తగ్గుతూ పోయిందంటే దుమ్మును అనుమానించండి. నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఒక్కసారిగా ఆగిపోయిందంటే సెట్టింగో, కనెక్షనో.

కవర్ తీసేసి, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, కొత్త మెత్తటి టూత్‌బ్రష్‌తో పొడిగానే రుద్దండి. నోటితో ఊదొద్దు, తుంపర లోపలికి పోతుంది. స్పిరిట్, నీళ్లు పోయొద్దు. అన్నట్టు కొన్ని పౌచ్‌లు స్పీకర్ రంధ్రాలనే మూసేస్తాయి. పౌచ్ తీయగానే సౌండ్ వచ్చేసిన సందర్భాలు లేకపోలేదు.

తడిస్తే? వెంటనే ఆఫ్ చేయండి. ఛార్జింగ్ అసలు పెట్టొద్దు. మెమరీ కార్డు ట్రే బయటకు తీసి, స్పీకర్ వైపు కిందికి ఉంచి ఫ్యాన్ గాలికి ఒకట్రెండు రోజులు వదిలేయండి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు మనకు బాగా ఉంది, బియ్యానికి కొదవలేని ఊరు కదా. కానీ వద్దు. బియ్యపు తవుడు, నలుసులు రంధ్రాల్లోకి పోతాయి. ఫోన్‌ను బియ్యంలో పెట్టొద్దని యాపిల్ కంపెనీ కూడా తన సపోర్ట్ పేజీలో చెప్పింది. హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా వద్దు. ‘ఈ సౌండ్ ప్లే చేస్తే నీళ్లు బయటకొస్తాయి’ అనే వీడియోలు జాలీ మీద నిలిచిన చుక్కల్ని కదపగలవేమో గానీ, లోపల బోర్డు మీదికి చేరిన నీళ్లను ఏమీ చేయలేవు. తడిసిన ట్యాబ్ ఆన్ చేసి వాటిని ప్లే చేయడమే అసలు ప్రమాదం.

స్పీకర్ నిజంగా పోయిందని ఎలా తెలుస్తుంది?

యూట్యూబ్‌లో చాలామంది ‘స్టార్, హాష్, సున్నా’ అంటూ ఓ కోడ్ డయల్ చేయమంటారు. స్కూల్ ట్యాబ్‌ల్లాంటి వైఫై మోడళ్లలో ఫోన్ డయలరే లేదు, ఇక కోడ్ ఎక్కడ కొడతాం? దాని బదులు శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో డయాగ్నస్టిక్స్‌లోకి వెళ్లండి, అందులో స్పీకర్ పరీక్ష ఉంది.

ఆ తర్వాత ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. ఇయర్‌ఫోన్‌లో బాగా వస్తూ స్పీకర్‌లో ఏమీ రాకపోతే స్పీకరో, దాన్ని బోర్డుకు కలిపే పట్టీయో పోయి ఉండొచ్చు. ఇది చిన్న పనే. రెండింట్లోనూ రాకుండా బ్లూటూత్‌లో మాత్రమే వస్తుంటే బోర్డు మీద సౌండ్ చూసే చిప్ దగ్గర అనుమానం. అది పెద్ద పని. గరగరమంటూ, చిరిగిన డప్పులా మోగుతుంటే స్పీకర్ లోపలి పల్చటి పొర దెబ్బతిన్నట్టు. అయస్కాంతం పక్కన సన్న తీగచుట్ట ఆ పొరను ఊపితేనే శబ్దం పుడుతుంది. బూస్టర్ యాప్‌తో శక్తికి మించి ఊపితే పొర చిరుగుతుంది, తీగ కాలిపోతుంది. ముందు చెబుతామన్న రెండో నష్టం ఇదే.

ఫ్యాక్టరీ రీసెట్ చివరి మాట. అది ట్యాబ్‌లోని ఫొటోలు, ఫైళ్లు అన్నీ తుడిచేస్తుంది. ముందు ‘రీసెట్ ఆల్ సెట్టింగ్స్’ చేసి చూడండి, అందులో ఫైళ్లు పోవు. స్కూల్ ట్యాబ్ అయితే హెచ్‌ఎంను అడక్కుండా ఫ్యాక్టరీ రీసెట్ చేయొద్దు. వాటిలో పిల్లల వాడకాన్ని నియంత్రించే సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చారు. మెమరీ కార్డును ఫార్మాట్ చేస్తే పాఠాలన్నీ పోతాయి, ఆ జోలికే పోవద్దు.

వారంటీ ఉందేమో చూసుకోండి

స్కూల్ ట్యాబ్‌లకు మూడేళ్ల వారంటీ ఉంటుందని, పాడైతే హెడ్‌మాస్టర్‌కో, గ్రామ సచివాలయంలోనో ఇస్తే వారంలో బాగుచేసి ఇస్తారని, లేదా మార్చి ఇస్తారని పంచేటప్పుడు చెప్పారు. ఆ లెక్కన మొదటి విడతకు 2025 డిసెంబర్‌తో, రెండో విడతకు 2026 డిసెంబర్‌తో మూడేళ్లు నిండుతాయి. గడువులో ఉంటే బయట షాపులో విప్పించకండి. ఒకసారి విప్పితే వారంటీ మీద పేచీ పెట్టే అవకాశం ఉంది.

గడువు అయిపోతే ఎలాగూ బయటే. గుంటూరో తెనాలో వెళ్లడమంటే ఓ పూట పని, కూలి పోయినట్టే. కంపెనీ వెబ్‌సైట్‌లో దగ్గర్లోని సర్వీస్ సెంటర్ చూసుకుని, ముందే ఫోన్ చేసి పార్ట్ ఉందా, ఎంతవుతుందో అడిగి బయల్దేరండి. ‘ఇయర్‌ఫోన్‌లో వస్తోంది, స్పీకర్‌లో రావట్లేదు, సేఫ్ మోడ్‌లోనూ అంతే’ అని మీరే చెబితే బోర్డు పోయిందని బిల్లు వేయడం అంత తేలిక కాదు. పాత పార్ట్ వెనక్కి అడగండి. వారంటీ ఉన్నా చేయనంటే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

అప్పటిదాకా పాఠాలు ఆగక్కర్లేదు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. ఇద్దరు పిల్లలుంటే చిన్న బ్లూటూత్ స్పీకర్ మేలు. చెవిలో పెట్టుకునేటప్పుడు మాత్రం వాల్యూమ్ సగం దాటనివ్వకండి. పిల్లలకు వారానికి 40 గంటల వరకు వినాలన్నా 75 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.