చీపురు, వాక్యూం క్లీనరు: ధర్మపురి గృహములకు తగిన యంత్రము, దాని సంరక్షణ

ఇల్లు ఊడ్చు సాధనమునకు అమరకోశము సమ్మార్జని, శోధని అని రెండు పేర్లు చెప్పినది. తెలుగునందు చీపురు, చీపురుకట్ట, పరక అను మాటలున్నవి. ఊడ్చుట, చిమ్ముట, తుడుచుట వేరు వేరు పనులుగా మన స్త్రీలు ఎరుగుదురు. ఇన్ని మాటలున్న ఈ పనికి 20వ శతాబ్దమున వచ్చి చేరిన యంత్రమునకు మాత్రము తెలుగు పేరు నిలువలేదు. వాక్యూం అనగా శూన్యము. కాని ఆ యంత్రములో శూన్యమేమియు లేదు, ఉన్నది గాలియే. కావున ‘శూన్య’ శబ్దముతో పేరు కట్టినను అర్థము కుదరదు. వాక్యూం క్లీనరు అను వాడుక మాటనే ఈ వ్యాసమునందు గ్రహించుట యుక్తము.

పూర్వము తగడూరని పేరుగాంచిన ధర్మపురి, 1965లో సేలము జిల్లానుండి విడివడి ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 2004లో హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు వేరు జిల్లాగా ఏర్పడినవి. తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు ఈ రెండు జిల్లాలలోను కలవు. ఇచ్చటి నేల ఎఱ్ఱ నేల. రాయి నల్లరాయి, గ్రానైటు. వేసవిలో వానలు లేక నేల పొడియై లేచును. బెంగుళూరు, సేలముల నడుమ పోవు రాజమార్గముపై లారీలు రేయింబవళ్లు నడచుచుండును. ఉదయము ఊడ్చిన ఇంటిలో మధ్యాహ్నమునకు కిటికీ చట్టముపై వేలితో గీత గీయవచ్చును. ఈ దుమ్మును ఏమి చేయవలెనన్నదే ఇచ్చటి గృహిణికి నిత్యసమస్య.

దుమ్ము అంతయు ఒక్కటి కాదు. మనుష్యుని తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. కంటికి కనుపించు ఇసుక రేణువు దానికంటె పెద్దది; అది చీపురు ముందు దొర్లి మూలకు చేరును. 10 మైక్రానుల రేణువు గాలిలోనికి లేచినచో, గాలి కదలని గదిలో ఒకటిన్నర మీటరు ఎత్తునుండి నేలకు దిగుటకు సుమారు 8 నిమిషములు పట్టును. ఒక్క మైక్రాను రేణువునకైతే 12 గంటలు చాలవు. అనగా తెల్లవారి పొడి చీపురుతో లేపిన సన్నని దుమ్ము రాత్రి పడుకొను వేళకును ఆ గదిలోనే తేలుచుండును. పెద్ద రేణువులు ముక్కులోను గొంతులోను ఆగిపోవును. రెండున్నర మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల లోతులకు పోవును. వంగి ఊడ్చువారి ముఖము ఆ మేఘమునకు అన్నిటికంటె సమీపమున నుండును. ఊడ్పు ముగియగనే ఇల్లాలికి వచ్చు దగ్గును ‘దుమ్ము దగ్గు’ అని ఇంటిలోనివారు తేలికగా తీసికొందురు. ఉబ్బసము గలవారికి అది తేలిక విషయము కాదు.

పెద్దలు ఈ సంగతిని ఎరుగకపోలేదు. మట్టినేలపై నీళ్లు చిలకరించి పిమ్మట ఊడ్చుట, వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట దుమ్మును లేవనీయని పద్ధతులే. నేల సిమెంటు, మొజాయిక్, టైల్సుగా మారిన తరువాత నీళ్లు చల్లుట పోయి, పొడి చీపురు నిలిచినది. పూర్వపద్ధతిలోని మంచి భాగమును మనము వదలుకొంటిమి.

రాతి పనికి పోవువారి ఇండ్లలో జాగ్రత్త మరింత కావలెను. గ్రానైటులో స్ఫటికరూపమైన సిలికా ఉన్నది. ఆ రాతిపొడిని ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి వచ్చును. వచ్చిన పిదప దానిని పోగొట్టు మందు లేదు. నిర్మాణపు పనులలో సిలికా దుమ్ముగల చోట, తడిపి ఊడ్చుటయో, మేలైన ఫిల్టరుగల వాక్యూం వాడుటయో సాధ్యమైనప్పుడు పొడి చీపురు వాడరాదని అమెరికా ప్రభుత్వము 2016లో నిబంధన చేసినది. గనినుండియు, రాయికోయు కార్ఖానానుండియు వచ్చువాడు బట్టలను ఇంటిలో దులుపరాదు. వాటిని బయటనే విడిచి, తడిపి, వేరుగా ఉదుకవలెను. ఏ యంత్రమైనను దీని తరువాతనే.

ఇక యంత్రపు పుట్టుక. 1901లో లండనులో హ్యూబర్ట్ సిసిల్ బూత్ అను ఇంజనీరు, దుమ్మును గాలితో ఊది ఎగురగొట్టు ఒక యంత్రమును చూచి, ఊదుటకు బదులు పీల్చరాదా యని యోచించెను. కుర్చీపై చేతిరుమాలు పరచి నోటితో పీల్చి చూడగా రుమాలు అడుగున దుమ్ము చేరెను. అతడు నిర్మించిన యంత్రమును గుఱ్ఱములు లాగెడివి. దానిని వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను కిటికీలగుండ ఇంటిలోనికి పంపెడివారు. చేతితో నడుపు చిన్న యంత్రమును అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అను ఊడ్పు ఉద్యోగి కల్పించెను. అతనికి ఉబ్బసము. తాను ఊడ్చు తివాచీల దుమ్మే తన దగ్గునకు కారణమని గ్రహించి, ఒక విసనకఱ్ఱ మోటారు, ఒక తలగడ గలీబు, ఒక చీపురుకఱ్ఱ చేర్చి యంత్రము చేసికొనెను. 1908లో దానికి పేటెంటు లభించెను. ఆ హక్కును కొన్న హూవరు పేరే తరువాత ఇంగ్లాండులో ఆ పనికి క్రియాపదమైనది. మన దేశమున 1982లో స్థాపితమైన యురేకా ఫోర్బ్స్ సంస్థ ప్రతినిధులు యంత్రమును భుజమున వేసికొని ఇంటింటికి పోయి, పరుపుపై నడిపి, తెల్లని గుడ్డపై చేరిన మురికిని చూపుట మధ్యతరగతివారికి జ్ఞాపకమున్న దృశ్యమే.

ఆ ప్రదర్శన చూచి కొన్న యంత్రములలో అనేకము అటక ఎక్కినవి. ఇంటి నేలకు తగనిది కొనుట ఒక కారణము. దాని సంచిని, ఫిల్టరును పట్టించుకొనకపోవుట రెండవది. ఈ రెంటిలో రెండవదే పెద్దది.

యంత్రపు పని ఇట్లుండును. మోటారుచే తిరుగు పంకా గాలిని వెనుకకు త్రోయగా లోపల ఒత్తిడి తగ్గును. బయటి గాలి గొట్టముగుండ వేగముగా లోపలికి వచ్చుచు దుమ్మును తెచ్చును. మంచి గృహయంత్రము కూడ వాయుపీడనమును సుమారు ఐదవ వంతు మాత్రమే తగ్గింపగలదు. దుమ్మును తెచ్చునది గాలి ప్రవాహము. ఆ ప్రవాహమునకు ఎక్కడ అడ్డు కలిగినను, మోటారు ఎంత గర్జించినను, నేలపై దుమ్ము కదలదు. ఈ ఒక్క విషయము తెలిసినచో కొనుటయు, కాపాడుటయు సులభమగును.

అంగడివారు మొదట చెప్పునది వాట్ల సంఖ్య. వాట్లు యంత్రము తిను విద్యుత్తును తెలుపును గాని అది చేయు పనిని తెలుపవు. ఐరోపా సమాఖ్య గృహయంత్రములకు 2014 సెప్టెంబరులో 1600 వాట్ల పరిమితిని, 2017 సెప్టెంబరులో 900 వాట్ల పరిమితిని విధించినది. అచ్చటి తివాచీలు అందువలన మురికిగా మిగిలిపోలేదు. మన ఇండ్లలో తివాచీలు అరుదు. ఎఱ్ఱ సిమెంటు, కడప రాయి, మొజాయిక్, టైల్సు గల గట్టి నేలకు తివాచీని దువ్వు తిరుగుడు కుంచె అవసరము లేదు. పైగా అది ఇసుకను వెనుకకు చిమ్మును. మెత్తని కుచ్చుగల వెడల్పు మూతి చాలును. ఆ కుచ్చు లేనిచో గ్రానైటు పలుకులు మూతి క్రింద నలిగి టైలుపై గీతలు వేయును. కడప రాళ్ల సందులకు సన్నని మూతి కావలెను. పరుపులకు, సోఫాలకు చిన్న మూతి కావలెను. పరుపుల దుమ్ములో కంటికి కానరాని పురుగులుండి కొందరికి తుమ్ములు, ఉబ్బసము కలిగించును. అయితే పరుపును ఎండలో వేయుట, దుప్పట్లను వేడినీట ఉదుకుట యంత్రము వచ్చినదని మానరాదు.

చక్రములపై నడచు డబ్బా రకము ధర్మపురి మధ్యతరగతి ఇంటికి ఎక్కువగా సరిపోవును. తడిని కూడ పీల్చు రకము పెరడు, నీటితొట్టి గలవారికి ఉపయోగము, కాని బరువు. తీగలేని కఱ్ఱ రకము తేలిక. బ్యాటరీ సాధారణముగా అరగంట అటునిటుగా నిలుచును, వేసవిలో రేకుల క్రింద ఉంచినచో త్వరగా క్షీణించును. తనంత తాను తిరుగు రోబో యంత్రము సుమారు రెండు సెంటీమీటర్ల అడ్డును దాటగలదు. పసుపు పూసి బొట్టు పెట్టిన మన పాతకాలపు గడపలను చూచి అది వెనుదిరుగును. ఎనిమిది గడపల ఇంటికి దానిని కొనుట వ్యర్థము.

సంచి కలదా, లేదా అన్నది ముఖ్యమైన ప్రశ్న. సంచి లేని యంత్రములో దుమ్ము గిన్నెలో చేరును. సంచుల ఖర్చు ఉండదు. కాని ఆ గిన్నెను వంచునపుడు సన్నని దుమ్ము మరల ముఖముపైకే లేచును. ఇంటిలో ఉబ్బసమున్నచో కాగితపు సంచి లేదా మూతపడు గుడ్డ సంచిగల రకమే మేలు. యంత్రము వెనుకనుండి వెలువడు గాలికి హెపా ఫిల్టరు ఉండవలెను, 0.3 మైక్రాను రేణువులలో నూటికి 99.97 వంతులు ఆపునదే ఆ పేరునకు అర్హమని అమెరికా ప్రమాణము. ‘హెపా వంటిది’ అని డబ్బాపై అచ్చువేసినచో అది హెపా కాదని గ్రహింపవలెను. అది లేనిచో యంత్రము నేలపై దుమ్మును తీసి గాలిలో కలుపునది మాత్రమే యగును. ఆ పని చీపురు ఖర్చు లేకయే చేయుచున్నది.

కొనుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను. మొదటిది, ఆ సంచియు ఫిల్టరును ధర్మపురి పట్టణముననే దొరకునా, సేలమునకో బెంగుళూరునకో పోవలెనా అని. రెండవది, ఇంటిలోని ప్లగ్గు. 230 వోల్టుల వద్ద 1400 వాట్ల యంత్రము 6 ఆంపియర్లకు పైగా తీసికొనును. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు, సన్నని ఎక్స్‌టెన్షను తీగ వేడెక్కును. ఇస్త్రీపెట్టెకు, గీజరుకు వాడు పెద్ద ప్లగ్గుననే తగిలింపవలెను. భూమితీగ సరిగా ఉన్నదో లేదో చూపించుకొనవలెను. కరెంటు పోయిన వేళ ఇన్వర్టరుపై నడుపరాదు.

ఇక సంరక్షణ. సంచి మూడింట రెండు వంతులు నిండగనే ఖాళీ చేయవలెను. సన్నని పొడి ఐనచో సగమునకే సంచి రంధ్రములు పూడును. ఇచ్చట ముగ్గుపిండి గురించి హెచ్చరించుట అవసరము. బియ్యపుపిండి ముగ్గు పరవాలేదు గాని రాతిపిండి ముగ్గు అతి సన్నము. వాకిలిపై ఒక్కమారు యంత్రము నడిపినచో ఫిల్టరు మూసికొనిపోవును. విభూతి, కుంకుమ, సిమెంటు పొడి అట్టివే. వీటిని తడిగుడ్డతో తుడుచుటయే సరి. సాంబ్రాణి బూడిద, అగరువత్తి, దోమలచుట్ట బూడిదలలో నిప్పు దాగియుండును. అది సంచిలో గాలి తగిలి రాజుకొనును. తడి పీల్చని యంత్రముతో నీటిచుక్కనైనను తాకరాదు.

చాల యంత్రములలో మోటారును చల్లబరచునది కూడ ఆ పీల్చిన గాలియే. సంచియో, ఫిల్టరో, గొట్టమో పూడినచో గాలి తగ్గి మోటారు కాగును. అనేక యంత్రములలో వేడిమి మించగనే తనంత తాను ఆగు ఏర్పాటు ఉన్నది. అట్లు ఆగినచో చెడిపోయినదని భయపడక, ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, పూడిన చోటును వెదకవలెను. గొట్టమును విప్పి వెలుతురువైపు చూచినచో అడ్డు తెలియును. దానిని తీయుటకు పాత చీపురుకఱ్ఱ మొద్దు కొనకంటె మంచి సాధనము లేదు.

ఉదుకదగిన స్పాంజి ఫిల్టరును నెలకొకమారు ఉదుకవచ్చును. ధర్మపురి బోరునీరు చాల చోట్ల గట్టి నీరు. అది ఆరిన తరువాత ఉప్పు తెల్లగా రంధ్రములలో మిగులును. 2013లో ప్రారంభమైన హొగెనకల్ కావేరి నీటి పథకపు నీరు వచ్చు ఇండ్లవారు చివరిమారు ఆ నీటితో జాడించుట మంచిది. లేనివారు వాననీటితో జాడించవచ్చును. పిమ్మట నీడలో ఒక పగలు, ఒక రాత్రి ఆరవలెను. తడి ఫిల్టరును మరల పెట్టినచో బూజు వాసన పట్టును, మోటారునకు చేటు కలుగును. హెపా ఫిల్టరు అన్ని రకములలో ఉదుకదగినది కాదు. ఉదుకవచ్చునని దానిపై వ్రాసియుండనిచో దులిపి, కాలము తీరగనే మార్చవలెను. దులుపుట ఇంటివెలుపల, గాలికి వెన్ను చూపి, ముక్కునకు గుడ్డ కట్టుకొని చేయవలెను.

తిరుగుడు కుంచె ఉన్న యంత్రములలో మన ఇండ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి గలదు. పొడవైన తలవెంట్రుకలు, మల్లెచెండు కట్టిన దారము, అరటినార కుంచెకు చుట్టుకొని రెండు కొనలలోను బిగిసికొనును. వారమునకొకమారు కత్తెరతో కోసి తీయనిచో దానిని త్రిప్పు పట్టీ తెగును. మోటారునుండి మాడు వాసన, నీలి నిప్పురవ్వలు కనుపించినచో లోపలి కార్బన్ బ్రష్షులు అరిగినవన్నమాట. వాటిని జతగా మార్పించినచో మోటారు చాలకాలము నడచును. అటకపై ఉంచునపుడు గొట్టము రెండు చివరలను గుడ్డతో మూయవలెను. ఎలుకలకు, బల్లులకు అది మంచి బిలము. తీగను బిగించి చుట్టరాదు.

ఆయుధపూజనాడు కుట్టుమిషనుతోను, మిక్సీతోను కలిపి ఈ యంత్రమునకు కూడ పసుపు కుంకుమలు పెట్టు ఇండ్లున్నవి. సంవత్సరమున కొకసారి దానిని పూర్తిగా విప్పి శుభ్రపరచుటకు ఆ ముందునాడే తగిన దినము. బొట్టు మాత్రము గాలి వెలువడు రంధ్రములపై పెట్టరాదు.