స్వల్ప కోవిడ్: ఇంటి సంరక్షణ

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• కోవిడ్‌లో ‘స్వల్ప వ్యాధి’ అంటే ఏమిటో చెప్పగలుగుతారు;
• ఒకే ఇంట్లో ఒకే వ్యాధికి అందరికీ ఒకే సలహా ఎందుకు పనికిరాదో వివరించగలుగుతారు;
• రోగిని ఎప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాలో గుర్తించగలుగుతారు.

7.1 ప్రస్తావన

రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులో నమోదైంది. శ్రీకాకుళం జిల్లాలో ఏప్రిల్ చివరి వారం దాకా, విజయనగరం జిల్లాలో మే మొదటి వారం దాకా ఒక్క కేసు కూడా బయటపడలేదు. ఆ తరవాత వ్యాధి ఇక్కడి పల్లెలకూ చేరింది. సోకినవారిలో ఎక్కువమందికి స్వల్ప లక్షణాలే ఉంటాయి కాబట్టి, వైద్యంలో పెద్ద భాగం ఇంటివారి చేతిలోనే ఉంటుంది.

7.2 ‘స్వల్పం’ అంటే ఏమిటి?

జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నా, ఆయాసం లేకుండా, రక్తంలో ఆక్సిజన్ 93 శాతానికి మించి ఉంటే అది స్వల్ప వ్యాధి. 2022 జనవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఇచ్చిన నిర్వచనం ఇదే. ఇందులో బాధ ఎంత అన్న ప్రశ్న లేదని గమనించండి. ఒళ్లునొప్పులతో మంచం పట్టిన వ్యక్తిది స్వల్ప వ్యాధే కావచ్చు. లేచి తిరుగుతున్న వ్యక్తికి తెలియకుండానే ఆక్సిజన్ తగ్గుతూ ఉండవచ్చు. పైగా ఈ నిర్ణయం ఆ రోజుకే వర్తిస్తుంది. కొందరికి వారం గడిచాక వ్యాధి ముదురుతుంది. అందువల్ల రోజూ కొలిచి చూడాలి.

7.3 ఒక ఉదాహరణ

ఉద్దానంలో, కవిటి మండలంలో ఒక ఇల్లు అనుకుందాం. రెండు గదులు, ఒకటే మరుగుదొడ్డి. పెద్ద కొడుక్కి జ్వరం వచ్చి, కోవిడ్ అని తేలింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, మూత్రపిండాల వ్యాధి ఉన్న తండ్రి ఉన్నారు. కారణం పూర్తిగా తేలని ఈ వ్యాధి ఉద్దానంలో ఎన్నో కుటుంబాలకు తెలిసినదే.

లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఇతరులకు సోకగలదు. కాబట్టి ఇంట్లో అందరినీ గమనించాలి. కిటికీ ఉన్న గది కొడుక్కి ఇచ్చి, తండ్రిని రెండో గదిలో ఉంచాలి. అన్నం గుమ్మం దగ్గర పెట్టాలి. మరుగుదొడ్డిని కొడుకు అందరికంటే చివర వాడాలి. వాడాక తలుపు, కిటికీ తెరిచి ఉంచాలి. ఇద్దరూ మాస్కు ధరించాలి.

రెండు రోజులకు తండ్రికీ జ్వరం వచ్చిందనుకోండి. కొడుక్కి చెప్పిన సలహాలే ఆయనకూ చెబితే ప్రమాదం. ఒళ్లునొప్పులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. జ్వరానికి పారాసిటమాల్ మేలు. మోతాదు మాత్రం వైద్యుణ్ణి అడగాలి. కొబ్బరితోటల మధ్య ఉన్నాం కదా అని కొబ్బరినీళ్లు పదేపదే ఇవ్వకూడదు. వాటిలోని పొటాషియాన్ని బలహీనపడిన మూత్రపిండాలు బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పవచ్చు. నీళ్లు ఎక్కువ తాగాలన్న సలహా కూడా ఆయనకు వైద్యుడు చెప్పిన పరిమితికి లోబడే ఉండాలి. 60 ఏళ్లు దాటినవారిని, ఇటువంటి దీర్ఘవ్యాధులు ఉన్నవారిని వైద్యాధికారి పరీక్షించి సరేనన్నాకే ఇంట్లో ఉంచాలి.

స్టెరాయిడ్ల సంగతి కూడా ఇటువంటిదే. ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన చూపింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు. స్వల్ప వ్యాధిలో వీటిని సొంతంగా వాడకూడదు.

7.4 ఆసుపత్రికి ఎప్పుడు?

ఆక్సిమీటరు పెట్టే వేలికి గోరింటాకు, గోళ్లరంగు ఉంటే అంకె తప్పు రావచ్చు. చేయి వెచ్చగా ఉంచుకుని, కాసేపు కదలకుండా కూర్చుని చూడాలి. పరికరం లేకపోతే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కించండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి:
• గంటలో మూడుసార్లు చూసినా ఆక్సిజన్ 93 శాతం, లేదా అంతకన్నా తక్కువ;
• నిమిషానికి 24కు మించి శ్వాసలు, లేదా ఆయాసం;
• ఛాతీలో నొప్పి లేదా ఒత్తిడి;
• మాట తడబడటం, మగత.
100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం మూడు రోజులకు మించి తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించాలి.

7.5 సారాంశం

‘స్వల్పం’ అనే మాట ఒక మనిషికి, ఒక రోజుకు సంబంధించినది, ఇల్లంతటికీ కాదు. ఇంట్లో అందరికంటే బలహీనమైన వ్యక్తిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాట్లు చేసుకోవడమే ఇంటి సంరక్షణలో మొదటి సూత్రం.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. పై ఉదాహరణలో తండ్రికి, కొడుక్కి ఇవ్వవలసిన సలహాల్లో తేడాలు రాయండి.
2. మీ ఇంట్లో ఎవరికి ముందుగా రక్షణ అవసరం? ఎందుకు? ఐదు వాక్యాల్లో వివరించండి.