మైదానం నడుమ నిలిచిన అమ్మాయి

ఫుట్‌బాల్ అనగానే గోల్ కొట్టినవారే గుర్తుకొస్తారు. పేపర్లో ఫోటో కూడా వాళ్ళదే పడుతుంది. కానీ బంతిని అక్కడిదాకా చేర్చిన మనిషి వేరే ఉంటారు. ఆ మనిషే మిడ్‌ఫీల్డర్. మన హాస్టళ్ళలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడిన చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఫుట్‌బాల్ ఆడినవారు తక్కువ. అందుకే ఒక మిడ్‌ఫీల్డర్ ఎలా తయారవుతుందో స్పెయిన్ దేశపు విక్కీ లోపెజ్ ఆటజీవితం ద్వారా తెలుసుకుందాం.

మిడ్‌ఫీల్డర్ పని ఏమిటి?

జట్టులో పదకొండు మంది. వెనుక గోల్‌కీపర్, డిఫెండర్లు. ముందు ఫార్వర్డ్‌లు. ఈ రెండింటికీ నడుమ ఉండేవారు మిడ్‌ఫీల్డర్లు. ఎదుటివారి నుంచి బంతి లాక్కోవాలి, పోగొట్టుకోకుండా కాపాడుకోవాలి, సరైన సమయంలో ముందుకు అందించాలి. తొంభై నిమిషాల ఆటలో దాదాపు పది కిలోమీటర్లు పరుగెత్తాలి. కాళ్ళ బలం ఒక్కటే చాలదు. బంతి తన దగ్గరకు రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకోవాలి. వచ్చాక చూద్దాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. ఈ చూపు పుట్టుకతో రాదు, ఏళ్ళ తరబడి సాధన చేస్తే వస్తుంది.

విక్కీ ఎక్కిన మెట్లు

విక్కీ 2006 జూలై 26న మాడ్రిడ్‌లో పుట్టింది. పదిహేనేళ్ళకే మాడ్రిడ్ సి.ఎఫ్.ఎఫ్. జట్టు తరఫున స్పెయిన్ మొదటి డివిజన్‌లో ఆడింది. 2022లో బార్సిలోనా క్లబ్బులో చేరింది. అదే సంవత్సరం అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచ కప్పు మన దేశంలోనే భువనేశ్వర్, గోవా, నవీ ముంబయిలలో జరిగింది. క్వార్టర్ ఫైనల్లో జపాన్ ఒక గోల్ ముందుంది. ఆఖరి నిమిషాల్లో విక్కీ రెండు గోల్స్ కొట్టి స్పెయిన్‌ను గట్టెక్కించింది. అక్టోబరు 30న నవీ ముంబయిలో కొలంబియాపై 1-0తో గెలిచి స్పెయిన్ కప్పు అందుకుంది. ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే గోల్డెన్ బాల్ విక్కీకి దక్కింది. ఆతిథ్య దేశంగా ఆడిన మన అమ్మాయిలు మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారు.

2024లో ఆమె స్పెయిన్ సీనియర్ జట్టులోకి వచ్చింది. అయితే ఆ జట్టు మధ్యభాగంలో ఐతానా బొన్మాతీ వంటి దిగ్గజాలు ఉన్నారు. ఎంత ప్రతిభ ఉన్నా బెంచీ మీద కూర్చుని వేచి ఉండక తప్పదు. 2025 యూరో పోటీలకు కొద్ది రోజుల ముందు బొన్మాతీకి వైరల్ మెనింజైటిస్ వచ్చింది. దాంతో పోర్చుగల్‌తో జరిగిన మొదటి మ్యాచ్‌లో విక్కీని దింపారు. ఆమె ఒక గోల్ కొట్టింది. స్పెయిన్ 5-0తో గెలిచింది. కోలుకున్న బొన్మాతీ తన స్థానంలోకి తిరిగొచ్చింది. ఫైనల్లో మాత్రం స్పెయిన్ పెనాల్టీ షూటౌట్‌లో ఇంగ్లండ్ చేతిలో ఓడింది. ఆ సెప్టెంబరులో 21 ఏళ్ళ లోపు వారికిచ్చే కోపా ట్రోఫీని మహిళలకు తొలిసారిగా ప్రకటించారు. గెలిచింది విక్కీయే. అదే వేదికపై బొన్మాతీ వరుసగా మూడోసారి బాలన్ డి'ఓర్ అందుకుంది.

ఆటకూ హాస్టల్‌కూ సంబంధం

ఇక్కడ మన హాస్టల్ మిత్రులు గమనించవలసిన సంగతి ఒకటుంది. బార్సిలోనా క్లబ్బుకు లా మాసియా అనే హాస్టల్ ఉంది. దూరప్రాంతాల పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకుని, ఆడతారు. అది 1979లో మొదలైంది. అయితే ఆడపిల్లలకు అందులో చోటు దొరికింది 2021లోనే. అంటే 42 సంవత్సరాల తర్వాత! 2012లో పద్నాలుగేళ్ళ వయసులో క్లబ్బులో చేరిన బొన్మాతీకి ఆ వసతి లేదు. తండ్రి తోడు రాగా బస్సుల్లో, రైళ్ళలో ప్రాక్టీసుకు తిరిగింది. ఆమె తట్టుకుని నిలబడింది. తోడు వచ్చే తండ్రి లేక, దారి ఖర్చులు లేక ఆగిపోయిన అమ్మాయిల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

ఈ మాట మాకు బాగా అర్థమవుతుంది. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా మొదట మా చేతికే వచ్చింది. మా ఊళ్ళలో మాకంటే చురుకైన అక్కలు ఉండేవారు. వాళ్ళకు తెలివి లేక కాదు, ఉండి చదువుకునే చోటు లేక పదో తరగతితో ఆగిపోయారు. మాకు సీటు దొరికింది. అంతే తేడా.

మన దగ్గర మాత్రం లేరా?

ఉన్నారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25 సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆమె ఆడేది అంచు వెంట పరుగెత్తే వింగర్ స్థానంలో. అయితే వింగర్‌కు బంతి అందించేందుకు మధ్యలో ఒకరు కావాలి కదా!

కాబట్టి మిత్రులారా, సాయంత్రం గ్రౌండు మగపిల్లలదే అనుకునే అలవాటు పోవాలి. చెల్లెళ్ళు వారంలో మూడు రోజులైనా ఒక గంట గ్రౌండు కావాలని వార్డెన్ గారినీ పి.ఇ.టి. గారినీ అడగాలి. పూర్వ విద్యార్థులం మనం తలా కొంత వేసుకుంటే ఒక్కో హాస్టల్‌కు నాలుగు బంతులు, పది జతల బూట్లు ఇవ్వడం పెద్ద పని కాదు. వచ్చే వార్షికోత్సవానికి బాలికల జట్టు ఒకటి మైదానంలోకి దిగితే, ఈ వ్యాసం రాసినందుకు మాకు అంతకన్నా ఏం కావాలి?