బడిపంతులూ, పోలీసులూ, ఒక బంతీ

మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో మా నల్లపాడులో తుమ్మకుండా టెలివిజన్ చూడటం ఎవరి తరమూ కాదు. మా మనుమడు మాత్రం మొన్న ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మరీ కూర్చున్నాడు. పోర్చుగల్ వాళ్ళ ఫుట్‌బాల్ ఆట అది. రొనాల్డో కాలు కదిపినప్పుడల్లా వీడు కుర్చీలోంచి లేస్తాడు. ఆట ముగిశాక నా వైపు తిరిగి, "తాతయ్యా, మనవాళ్ళకి ఈ ఆట ఎప్పుడన్నా వచ్చా?" అని అడిగాడు.

నాకు పౌరుషం పొడుచుకు వచ్చింది. "కూర్చోరా!" అన్నాను.

ముందు వాడి పోర్చుగల్ సంగతే చెప్పాను. ఆ దేశానికీ ఈ ఆట పుట్టుకతో రాలేదు. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన పింటో బాస్టో అనే కలవారింటి అన్నదమ్ములు వెంట బంతి తెచ్చుకున్నారు. 1888లో లిస్బన్ దగ్గర కాస్కాయిస్ అనే సముద్రతీరపు వూళ్ళో స్నేహితులను పోగుచేసి ఆడించారు. మరుసటి ఏడు అక్కడ కాపురమున్న ఆంగ్లేయులతోనే తలపడ్డారు. బెన్‌ఫికా పుట్టింది 1904లో, స్పోర్టింగ్ 1906లో. అంటే పెద్దింటి బిడ్డల సరదాగా మొదలై, తరవాత వీధిలోకి దిగిన ఆట అన్నమాట.

మనకీ దొరల చలవే. సికిందరాబాదు కంటోన్మెంటులో తెల్ల సోల్జర్లు ఆడుతుంటే చుట్టుపక్కల బస్తీల పిల్లలు చూసి నేర్చుకున్నారు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవారు మనకీ లేకపోలేదు. సయ్యద్ మహమ్మద్ హాదీ గారు ఏడు రకాల ఆటలు ఆడేవారు గనుక ఆయనను 'రెయిన్‌బో హాదీ' అనేవారు. కాని మన ఫుట్‌బాల్‌ను నలుగురిలో నిలబెట్టినవాడు ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, ఆడారు. కాచిగూడలోనూ, చాదర్‌ఘాట్‌లోనూ పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు. ఆ ఏడే మన పోలీసు జట్టు బెంగుళూరు వెళ్ళి, డెనిస్ కాంప్టన్ వంటి ఘటికుడు ఆడిన తెల్లవారి వైమానిక దళం జట్టును ఓడించి ఆష్ కప్పు పట్టుకొచ్చింది. 1950లో పోలీసు జట్టు పగ్గాలు రహీం గారి చేతికి వచ్చాయి. ఇక చూడండి! బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్ళు మనవాళ్ళే తెచ్చారు. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా మోహన్ బగాన్‌ను ఓడించి తీసుకున్నారు. కలకత్తా వారికి ఎలా వుండి వుంటుందో మీరే వూహించుకోండి.

ఈ గెలుపుల కిటుకు పంతులుగారి పద్ధతిలో వుంది. బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోవటం ఆయనకు గిట్టదు. అందితే అందించటమే. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు వింతగా వుండేవి. ఒక దానిలో బంతిని వెంట నడిపించుకు పోకూడదు. మరొక దానిలో చేతగాని కాలితోనే కొట్టాలి. చేతనయిన కాలు ఎలాగూ చెప్పిన మాట వింటుంది గదా!

1960లో చదువుకని హైదరాబాదు వెళ్ళినప్పుడు ఫతే మైదానంలో పోలీసు జట్టు ఆట కళ్ళారా చూశాను. బంతి ఎక్కడుందో వెతుక్కునే లోపల నలుగురి కాళ్ళు మారిపోయేది. సాలెవాడు మగ్గం ముందు కూర్చుని నాడె ఆడిస్తున్నట్టుండేది. వారం తిరక్కుండా నేనూ బంతి వెంట పడ్డాను. సంగతి ఎవరు చేరవేశారో గాని మా నాన్నగారి దగ్గరనుంచి కార్డు వచ్చింది: "పత్తి అమ్మి డబ్బు పంపుతున్నది కాళ్ళకు చదువు చెప్పించటానికి కాదు." అంతటితో నా ఆట కట్టు. ఆయన తప్పనను. ఆ ఏడు పత్తి ధర అలాగే వుంది.

అందరి కథా నాలాగే ముగియలేదు, అదృష్టం. సికిందరాబాదు పక్క అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం. వూరికి రోజూ వచ్చిపోయే స్తోమత లేదంటే, సైకిలు అద్దెకు రహీం గారే డబ్బులిచ్చారు. ఆ కుర్రవాడు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. అతనితోపాటు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, కన్నన్ మన హైదరాబాదు వారే. ఒకరింట ఉర్దూ, ఒకరింట అరవం. అయితేనేం, నీళ్ళు మనవే. ఆ యేడు ఆస్ట్రేలియాను నాలుగు రెండుతో ఓడించి మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళ ముందు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పది ఒకటితో చిత్తయిన దేశమది.

1962 జకార్తా సంగతి చెప్పబోతే నా గొంతు పట్టేసింది. మిరప ఘాటనుకున్నాడు మనుమడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా రెండు గోల్స్‌తో మనల్ని ఓడించింది. ఫైనల్లో మళ్ళీ వాళ్ళే. లక్షమంది జనం, అంతా మనకు ఎదురు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును రహీం గారు వెనకనుంచి తెచ్చి ముందుకు తోశారు. ఒక గోల్ పి. కె. బెనర్జీ కొడితే, రెండోది ఆ కుట్ల తలవాడే కొట్టాడు. గోల్ దగ్గర మన తంగరాజ్. రెండు ఒకటితో బంగారు పతకం మనది. గురువుగారి వూపిరితిత్తుల్లో అప్పటికే పుండు. 1963 జూన్ 11న వెళ్ళిపోయారు, యాభై మూడేళ్ళకే. ఆసియా క్రీడల్లో మళ్ళీ ఫుట్‌బాల్ బంగారం మన దేశానికి రాలేదు.

ఆయన పోయాక 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ ఒకసారి వచ్చింది. ఆ తరవాత పిల్లలందరూ క్రికెట్ బ్యాటు పట్టుకున్నారు. 2024లో హిందీ వాళ్ళు సినిమా తీస్తే గాని రహీం గారెవరో మనవాళ్ళకే తెలియలేదు. బలరాం 2023లో కలకత్తాలో కన్నుమూశాడు.

మనుమడు కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "తాతయ్యా, బంతి కొనిపెట్టవూ?" అన్నాడు. లోపలినుంచి మా కోడలు, "పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి మామయ్యగారూ" అంది. కార్డు రాసిన నాన్నగారు గుర్తుకొచ్చారు.

మర్నాడు గుంటూరు వెళ్ళి కొనుక్కొచ్చాను. పరీక్షలయ్యేదాకా బీరువాలో వుంచే ఒప్పందం మీద కోడలు రాజీపడింది. అయితే సాయంత్రం పూట ఒక అరగంట మినహాయింపు. గొడౌను గోడకేసి వాడు బంతి కొడుతుంటే అరుగుమీద కూర్చుని చూస్తున్నాను.

"ఆ కాలు కాదురా, ఎడమకాలు!" అంటున్నాను.