వెళ్లినవారు తిరిగి వచ్చిన నగరం

1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరానికి ప్లేగు సోకిందన్న వార్త పొక్కగానే లక్షలాదిమంది మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కారు. వారిలో చాలామంది పొట్ట చేతబట్టుకుని వలస వచ్చినవారే. వారిక రారనుకున్నవారున్నారు. భయం తగ్గగానే వారు తిరిగి వచ్చారు. మరమగ్గాలు మళ్లీ మోగాయి.

వారిని రప్పించింది కూలి డబ్బు. ఒడిశాలోని గంజాం జిల్లావారికి మరమగ్గం, సౌరాష్ట్ర రైతుబిడ్డలకు వజ్రాల సాన, తెలంగాణ పద్మశాలీలకు నేతపని స్వగ్రామంలో దొరకని జీవనాధారమయ్యాయి. ముందు వచ్చినవాడు వెనుక వచ్చేవాడికి గదిలో ఇంత చోటు చూపి, పనికి మాట సాయం చేశాడు.

అయితే కూలి మనిషిని రప్పిస్తుందే గాని కట్టిపడవేయదు. గంజాం కార్మికులలో అనేకులు భార్యాబిడ్డలను ఊళ్లోనే ఉంచి, ఒకే గదిని పగటి పాళీవారు, రాత్రి పాళీవారు వంతులవారీగా పంచుకుంటారు. 2020లో లాక్‌డౌన్ వల్ల మగ్గాలు ఆగినప్పుడు, తమను ఊరికి పంపమంటూ వలస కార్మికులు వీధులకెక్కారు.

ఆలుబిడ్డలతో స్థిరపడినవారి సంగతి వేరు. ప్లేగు అనంతరం, 1995లో నగర కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో చెత్తకుప్పల మధ్య బతికిన నగరం శుభ్రపడింది. నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు మరాఠీ, ఒడియా, తెలుగు మాధ్యమాలలోనూ ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పింది. వలస వచ్చినవాడి బిడ్డకు సొంత భాషలో అక్షరాలు దిద్దే చోటు దొరికింది. అటువంటి ఇంట్లో ‘ఊరికెప్పుడు?’ అన్న ప్రశ్న క్రమంగా పండుగ సెలవుల ముచ్చటగా మారిపోతుంది.