కంపెనీ డైరెక్టర్లు – లాభార్జన, సమాజ శ్రేయస్సు

ధనం ఒకరిది, దాన్ని నడిపే చేయి మరొకరిది అయినప్పుడు అక్కడ అమానతు ఏర్పడుతుంది. నేటి పెద్ద కంపెనీలలో వేలాది వాటాదార్ల ధనం కొద్దిమంది డైరెక్టర్ల అధీనంలో ఉంటుంది. వారు ఆ ధనాన్ని కేవలం లాభార్జనకే వినియోగించాలా, లేక సమాజ శ్రేయస్సుకు కూడా వెచ్చించవచ్చునా? ఈ ప్రశ్నను నేటి చట్టమే కాదు, పూర్వపు ఫిఖ్హ్ కూడా ఎదుర్కొన్నది. రెండింటి సమాధానాలను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే, తరచుగా కలగలిసిపోయే రెండు విషయాలు విడివిడిగా కనిపిస్తాయి. దానం చేయడం ఒకటి; హాని చేయకుండా సంపాదించడం మరొకటి.

ఈ విషయంలో అమెరికాలో జరిగిన ఒక వ్యాజ్యం ప్రసిద్ధమైనది. 1916లో ఫోర్డ్ మోటార్ కంపెనీ వద్ద అపారమైన మిగులు ధనం ఉండగా, హెన్రీ ఫోర్డ్ ప్రత్యేక డివిడెండ్లు నిలిపివేసి, కార్ల ధర తగ్గించాలనీ, కర్మాగారాన్ని విస్తరించి మరింతమందికి పని కల్పించాలనీ సంకల్పించాడు. 10 శాతం వాటా గల డాడ్జ్ సోదరులు న్యాయస్థానానికి వెళ్ళారు. కంపెనీ ప్రధానంగా వాటాదార్ల లాభం కొరకే నడపబడుతుందనీ, ఆ లాభాన్ని లోకోపకారానికి లోబరచే అధికారం డైరెక్టర్లకు లేదనీ 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సుమారు 1 కోటి 93 లక్షల డాలర్ల డివిడెండు చెల్లించవలసి వచ్చింది. అయితే కర్మాగార విస్తరణను మాత్రం కోర్టు ఆపలేదు. వ్యాపార నిర్ణయాలలో న్యాయమూర్తులు నిపుణులు కారని భావించింది.

ఈ తీర్పు పైకి కఠినంగా కనిపించవచ్చు. కాని ఇందులోని ఒక అంశం ఫిఖ్హ్‌కు కొత్తది కాదు. ముజారబత్ ఒప్పందంలో మూలధనం ఒకరిది, శ్రమ మరొకరిది. శ్రమించే ముజారిబ్ ఆ ధనానికి అమీన్. అతని అలక్ష్యం గాని, అతిక్రమణ గాని లేకుండా నష్టం వస్తే అతడు బాధ్యుడు కాడు. కాని ధనస్వామి స్పష్టమైన అనుమతి లేనిదే ఆ ధనం నుండి దానమిచ్చే అధికారం అతనికి లేదని హనఫీ ఫుఖహా నిర్ణయించారు. సదఖా గొప్ప పుణ్యకార్యం. అయితే అది స్వంత ధనం నుండి చేయవలసినది. నేటి డైరెక్టరు అన్ని విధాలా ముజారిబ్ కాడు. వేతనం తీసుకొని పనిచేసే డైరెక్టరు స్థితి ప్రతినిధి స్థితికి, అంటే ఫిఖ్హ్ చెప్పే వకీల్ స్థితికి, దగ్గరగా ఉంటుంది. అయినా అమానతు అనే లక్షణం ఇద్దరికీ సమానమే.

భారతదేశపు 2013 కంపెనీల చట్టం ఈ అనుమతి సమస్యను రెండు విధాల పరిష్కరించింది. గత 3 సంవత్సరాల సగటు నికర లాభంలో 5 శాతానికి మించి ధర్మనిధులకు విరాళమివ్వాలంటే బోర్డు ముందుగా సర్వసభ్య సమావేశం అనుమతి పొందాలని 181వ సెక్షన్ నిర్దేశించింది. పెద్ద కంపెనీల విషయంలో 135వ సెక్షన్ తానే ఒక వ్యయాన్ని విధించింది. చట్టం చేసిననాటి పరిమితుల ప్రకారం, 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని గల కంపెనీ తన 3 సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం విద్య, వైద్యం, దారిద్ర్య నిర్మూలన వంటి కార్యాలకు వెచ్చించాలి. ఈ నియమం 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది.

డైరెక్టర్ల సామాజిక బాధ్యత ఈ 2 శాతంతో తీరిపోతుందని అనేకులు భావిస్తారు. ఇది సరికాదు. అదే చట్టంలోని 166వ సెక్షన్ మరింత లోతైనది. డైరెక్టరు సద్భావంతో వ్యవహరిస్తూ, సభ్యులందరి ప్రయోజనం కొరకు కంపెనీ ఆశయాలను సాధించాలి. కంపెనీ, ఉద్యోగులు, వాటాదార్లు, సమాజం – వీరందరి మేలునూ, పర్యావరణ రక్షణనూ దృష్టిలో ఉంచుకోవాలి. అన్నదమ్ములిద్దరు కలిసి పెట్టుకున్న చిన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ డైరెక్టర్లకు కూడా ఈ బాధ్యత వర్తిస్తుంది. 135వ సెక్షన్ వచ్చిన లాభంలో కొంత ఎలా వెచ్చించాలో చెబుతుంది. 166వ సెక్షన్ ఆ లాభాన్ని ఎలా సంపాదించాలో చెబుతుంది.

ఈ భేదం ఎంత ప్రాణప్రదమైనదో తెలుగునేలపైనే వెల్లడయింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నిల్వ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, 12 మంది మరణించారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమచేయమని కంపెనీని ఆదేశించింది. ఒక కంపెనీ ఎన్ని పాఠశాలలు కట్టించినా, ఎన్ని ఆసుపత్రులకు విరాళాలిచ్చినా, తన ట్యాంకుల భద్రతను విస్మరిస్తే ఆ దానం ఈ లోపాన్ని పూడ్చదు. ఎవరికీ హాని చేయరాదు, హానికి బదులుగా హాని చేయరాదు అనే హదీసును ఫుఖహా ఒక మూలసూత్రంగా స్వీకరించారు. 1869–1876 మధ్య ఉస్మానియా రాజ్యంలో రూపొందిన మజల్లా ఈ సూత్రంతో పాటు, ప్రజలందరికీ కలిగే హానిని నివారించడానికి వ్యక్తిగత హానిని సహించాలనే సూత్రాన్ని కూడా చేర్చింది. దానానికి ధనస్వామి అనుమతి కావాలి. హాని చేయడానికి మాత్రం ధనస్వామి అనుమతి కూడా చెల్లదు. ఎందుకంటే పొరుగువాని ప్రాణంపై అతనికే హక్కు లేదు.

ముస్లిం వాటాదార్లు మరొక విషయం కూడా గమనించాలి. 2 శాతం, రెండున్నర శాతం అనే అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన కంపెనీ చేసే సామాజిక వ్యయం జకాత్ కాజాలదు. జకాత్ ఆరాధన, దానికి సంకల్పం అవసరం. దాన్ని పొందే 8 వర్గాలను దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో నిర్ణయించింది. కంపెనీ వ్యయం శాసనం విధించిన బాధ్యత. దాని పద్దులు వేరు. ఒకటి మరొకదాన్ని తీర్చదు.

కనుక డైరెక్టరు పదవిని స్వీకరించేవారు మూడు హక్కులను గుర్తుంచుకోవాలి. వాటాదారుని ధనం అతని అనుమతి మేరకే ఖర్చు కావాలి. శాసనం విధించిన వ్యయం నిజాయితీగా జరగాలి. కార్మికునికీ, పొరుగువానికీ, వారు పీల్చే గాలికీ, తాగే నీటికీ హాని కలగకుండా ఉండాలి. మొదటి రెండింటి లెక్కను ఆడిటరు చూడగలడు. మూడవదాని లెక్క చాలావరకు డైరెక్టరు అంతరాత్మకే తెలుస్తుంది. అయితే అంతరాత్మలోని లెక్క కూడా అల్లాహ్ సన్నిధిలో దాగదు.