గడియారం వణికితే పాట చెడుతుందా?

హౌరాలోని షాలిమార్ స్టేషన్‌లో బయలుదేరిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ విజయవాడకు గంట ఆలస్యంగా వచ్చిందనుకుందాం. అయినా పెట్టెల వరుస మారదు. డిజిటల్ పాట కూడా అంతే. ఫైలు దారిలో ఆగి ఆగి వచ్చినా అందులోని అంకెలు మారవు. మరి ‘టైమింగ్ లోపం సంగీతాన్ని పాడుచేస్తుంది, ఖరీదైన కేబుల్ కొనండి’ అనే మాటలో నిజమెంత?

జిట్టర్ అంటే ఏమిటి?

సీడీలో ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. అంటే రెండు నమూనాల మధ్య ఎడం సుమారు 22.7 మైక్రోసెకన్లు. ఈ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే భాగమే డాక్. క్వార్ట్జ్ గడియారం కొట్టే తాళానికి అనుగుణంగా అది పనిచేస్తుంది. ఆ తాళం కాస్త ముందూ వెనకా అయితే సరైన విలువే తప్పు క్షణంలో వెలువడుతుంది. దీన్నే జిట్టర్ అంటారు. స్వరం ఎంత హెచ్చుగా ఉంటే దోషం అంత పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ తరంగం వేగంగా మారుతుంది.

ఉదాహరణకు 10 కిలోహెర్ట్జ్ స్వరంలో 1 నానోసెకను యాదృచ్ఛిక జిట్టర్ ఉంటే, పుట్టే రొద అసలు స్వరం కన్నా 84 డెసిబెల్స్ తక్కువగా ఉంటుంది. పరికరం దీన్ని కొలవగలదు. చెవి మాటేమిటి?

చెవి చెప్పిన తీర్పు

1998లో బెంజమిన్, గానన్ ప్రచురించిన పరీక్షల్లో, అనుకూలమైన హెచ్చు స్వరాలను వినిపించినప్పుడు సుమారు 10 నానోసెకన్ల జిట్టర్‌ను కొందరు గుర్తించారు. సంగీతంలోనైతే అంతకన్నా చాలా ఎక్కువ కావలసివచ్చింది. 2005లో జపాన్‌లో అషిహారా బృందం అనుభవజ్ఞులైన శ్రోతలతో చేసిన పరీక్షల్లో, యాదృచ్ఛిక జిట్టర్ కొన్ని వందల నానోసెకన్లకు చేరితే గానీ తేడా తెలియలేదు. సరిగా తయారైన నేటి పరికరాల్లో జిట్టర్ సాధారణంగా 1 నానోసెకను లోపే ఉంటుంది.

పాత రికార్డులతో పోల్చి చూద్దాం. ఒకప్పుడు హెచ్.ఎమ్.వి. తెలుగు రికార్డులు కోల్‌కతాలోని డమ్‌డమ్ కర్మాగారంలో తయారయ్యేవి. 78 రికార్డు మధ్య రంధ్రం పావు మిల్లీమీటరు పక్కకు జరిగితే, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలోని గాడిలో కాలదోషం సుమారు 300 మైక్రోసెకన్లు. అది 300 నానోసెకన్లకు వెయ్యి రెట్లు! అక్కడ శ్రుతి నెమ్మదిగా ఊగుతుంది.

అయితే జిట్టర్ కల్పన కాదు. రికార్డింగ్ సమయంలో గడియారం వణికితే ఆ దోషం అంకెల్లోనే ఉండిపోతుంది, తర్వాత తొలగించడం చాలా కష్టం. అందుకే స్టూడియోల్లో మంచి గడియారం అవసరం. ఇంట్లో మాత్రం డాక్ అంకెలను ముందుగా బఫర్‌లో నింపుకొని తన గడియారం ప్రకారం వదిలితే, కేబుల్‌లో జరిగిన ఆలస్యం పాటను చేరదు.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. రెండు పరికరాల శబ్ద స్థాయిని సమానం చేసి, ఏది మోగుతోందో మీకు తెలియకుండా మిత్రుణ్ని మార్చమనండి. పదహారుసార్లలో కనీసం పన్నెండుసార్లు సరిగా చెప్పగలిగితే తేడా ఉందని నమ్మవచ్చు. లేదంటే ఆ డబ్బు మంచి స్పీకర్లకు ఉపయోగపడుతుంది.